సంతకం పెట్టిన ఆఫర్ లెటర్‌ను కంపెనీ మార్చినా, వెనక్కి తీసుకున్నా ఏం చేయాలి?

శుక్రవారం సాయంత్రం. పాత ఆఫీసులో చివరి రోజుకు ఇంకా పది రోజులుంది. కొత్త కంపెనీ హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది: వ్యాపార కారణాల వల్ల మీ ఆఫర్‌ను ఉపసంహరించుకుంటున్నాం, మీ భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం. అంతే, రెండు వాక్యాలు. ఫోన్ చేస్తే ఎత్తరు. నిన్నటి దాకా వాట్సాప్‌లో పలకరించిన రిక్రూటర్ చూసి కూడా జవాబివ్వదు.

నేను కొన్నేళ్లు హైదరాబాద్‌లో నియామకాల పని చేశాను. ఇలాంటి మెయిళ్లు నేనూ రాశాను, గొప్పగా చెప్పుకునే సంగతేమీ కాదు. క్లయింట్ ప్రాజెక్టు ఆగిపోతుంది, లేదా పైనుంచి బడ్జెట్ ఆపేస్తారు, లేదా ఎలాగూ కొందరు చేరరులే అని అవసరానికి మించి ఆఫర్లు ఇచ్చి ఉంటారు, ఈసారి అందరూ వస్తామంటారు. కారణం ఏదైనా, మెయిల్ పంపేవాళ్ల ధీమా ఒక్కటే: అవతలి మనిషి బాధపడి, తిట్టుకుని, ఇంకో ఉద్యోగం వెతుక్కుంటాడు తప్ప కాగితం మీద ఏమీ అడగడు.

ఒక విషయం ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది. ప్రైవేటు కంపెనీ మాట తప్పితే, ఆ ఉద్యోగం మీకు ఇవ్వమని కోర్టు సాధారణంగా ఆదేశించదు. వ్యక్తిగత సేవ మీద ఆధారపడిన ఒప్పందాలను బలవంతంగా అమలు చేయించడానికి 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలోని సెక్షన్ 14 ఒప్పుకోదు. మీకున్నది జరిగిన నష్టాన్ని డబ్బు రూపంలో వసూలు చేసుకునే హక్కు. కాబట్టి మొదటి గంట నుంచీ మీ పని ఆ నష్టం ఎంతో లెక్క కట్టడం, దానికి రుజువు దాచుకోవడం, దాన్ని పెరగనివ్వకుండా చూసుకోవడం.

మొదటి మెట్టు: మీ చేతిలో ఉన్న కాగితం ఏమిటో చూడండి

అందరూ ఆఫర్ లెటర్ అనే అంటారు గానీ అందులో మూడు రకాలుంటాయి. క్యాంపస్‌లో ఇచ్చేది చాలాసార్లు లెటర్ ఆఫ్ ఇంటెంట్, అంటే ఉద్యోగం ఇచ్చే ఉద్దేశం ఉందని తెలిపే లేఖ. "ఇది ఉద్యోగ హామీ కాదు" అని అందులోనే ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. రెండోది ఆఫర్ లెటర్: హోదా, జీతం, చేరే తేదీ, చోటు ఉంటాయి, మీ సంతకానికి జాగా ఉంటుంది. మూడోది అపాయింట్‌మెంట్ లెటర్, ఇది తరచుగా చేరిన రోజే చేతికొస్తుంది. పైన పేరు ఏముందన్నది అంత ముఖ్యం కాదు. లోపల జీతం, పని, తేదీ స్పష్టంగా ఉండి, మీరు ఒప్పుకున్నట్టు ఆధారం ఉంటే లెటర్ ఆఫ్ ఇంటెంట్ అయినా ఒప్పందమే అని వాదించవచ్చు.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఇక్కడ మన పెద్దదిక్కు. కంపెనీ ఇచ్చిన ప్రతిపాదనను మీరు ఒప్పుకునేదాకా వాళ్లు వెనక్కి తీసుకోవచ్చు, మీ అంగీకారం వెళ్లిపోయాక కుదరదని సెక్షన్ 5 సారం. సిరా సంతకమే ఉండాలన్న నియమం లేదు. మెయిల్‌లో "అంగీకరిస్తున్నాను" అన్నా, పోర్టల్‌లో బటన్ నొక్కినా సరిపోతుంది. ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టం సెక్షన్ 10ఏ చెబుతోంది.

ఒక మెలిక ఉంది. అంగీకారం షరతులు లేకుండా ఉండాలి, అది సెక్షన్ 7. "ఓకే సర్, కానీ ఇంకో యాభై వేలు పెంచితే చేరతాను" అని మీరు రాసి ఉంటే అది అంగీకారం కాదు, ఎదురు ప్రతిపాదన. ఆ తర్వాత మీరు నేరుగా ఒప్పుకున్న మెయిల్ ఏదైనా ఉందేమో వెతకండి.

ఇప్పుడు షరతులు చదవండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, మెడికల్ పరీక్ష, బ్యాక్‌లాగ్స్ లేకుండా డిగ్రీ, పాత కంపెనీ రిలీవింగ్ లెటర్. వీటిలో ఏదైనా మీవైపు నుంచి నిజంగా తప్పి ఉంటే మీ కేసు అక్కడే బలహీనపడుతుంది. రెజ్యూమెలో అనుభవం పెంచి రాసుకుని, అది వెరిఫికేషన్‌లో బయటపడి ఆఫర్ పోయినవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. "కంపెనీ ఎప్పుడైనా, ఏ కారణం చెప్పకుండానైనా ఆఫర్‌ను రద్దు చేసుకోవచ్చు" అన్న క్లాజు ఉంటే మాత్రం కంగారు పడకండి. అది వాళ్లకు బలమే, కానీ మీ చేత పాత ఉద్యోగం మాన్పించాక ఆ క్లాజు వాడుకోవడం న్యాయమా అని అడిగే చోటు ఉంటుంది. నోటీసు అందుకున్న కంపెనీ లాయర్‌కి కూడా ఆ సంగతి తెలుసు.

రెండో మెట్టు: అదే రోజు రుజువులు దాచుకోండి

ఆఫర్ పోయిన కాసేపటికే అభ్యర్థుల పోర్టల్ లాగిన్ కూడా పోవచ్చు. కాబట్టి ముందు అందులోవన్నీ డౌన్‌లోడ్ చేయండి. ఆఫర్ పీడీఎఫ్, మీరు సంతకం పెట్టిన కాపీ, ఈ-సైన్ చేసినప్పుడు వచ్చిన తేదీ, సమయం ఉన్న పేజీ, అన్నీ. మెయిళ్లను స్క్రీన్‌షాట్ తీస్తే చాలదు, అసలు మెయిల్ ఇన్‌బాక్స్‌లో చెక్కుచెదరకుండా ఉండాలి. రిక్రూటర్‌తో వాట్సాప్ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేయండి, ఆ ఫోన్ మార్చకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రుజువుకు ఒక సర్టిఫికెట్ జతచేయాలి. అసలు పరికరం మీ దగ్గరే ఉంటే ఆ పని తేలిక.

పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, ఆఫీసు మెయిల్‌లో ఇవేవీ పెట్టకండి. చివరి రోజు అది తిరిగి ఇచ్చేస్తారు కదా.

ఫోన్లో మాట్లాడితే, పెట్టేసిన పది నిమిషాల్లో ఒక మెయిల్ కొట్టండి: "ఇప్పుడు ఫోన్లో మీరు ఫలానా సంగతి చెప్పారు, నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా?" వాళ్లు జవాబివ్వకపోయినా అది రికార్డే.

ఒక్క మెయిల్ మాత్రం రాయకండి. "నో ప్రాబ్లం, అవకాశం ఇచ్చినందుకు థాంక్యూ" అని. మనవాళ్లకు మర్యాద ఎక్కువ. ఎక్కడైనా మళ్లీ పిలుస్తారేమో అన్న ఆశతో చాలామంది రాసేది ఇదే. హెచ్‌ఆర్ ఫైల్లో అది "అభ్యర్థి అంగీకరించారు" అని చేరుతుంది.

మూడో మెట్టు: రాజీనామాను వెనక్కి తీసుకునే ప్రయత్నం

కొత్త కంపెనీతో గొడవకు ముందే చేయాల్సిన పని ఇది. సిగ్గుపడి చాలామంది వదిలేస్తారు. లాస్ట్ వర్కింగ్ డే ఇంకా రాకపోతే, ఇప్పుడే మీ మేనేజర్‌తో మాట్లాడి, వెంటనే రాజీనామా ఉపసంహరణ మెయిల్ పంపండి.

ఫలానా తేదీ నుంచి అమలయ్యే రాజీనామాను ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకోవచ్చన్నది సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పిన సూత్రం. భారత్ ఎర్త్ మూవర్స్ ఉద్యోగి ఒకరి కేసులో 2005లో ఇచ్చిన తీర్పు ప్రకారం, సంస్థ రాజీనామాను ఆమోదించేసినా, అది అమల్లోకి రాకముందు వెనక్కి తీసుకుంటే చెల్లింది. అది ప్రభుత్వ రంగ సంస్థ. ప్రైవేటు కంపెనీలో మీ ఒప్పందంలో ఏం రాశారన్నదే ఎక్కువ పనిచేస్తుంది, ఈ తీర్పును వాళ్ల మొహాన కొట్టి లాభం లేదు. అయినా అడగండి. కొత్త మనిషిని వెతికి, పని నేర్పించడం కంటే ఉన్నవాడిని ఉంచుకోవడం మేనేజర్‌కి చవక. మీ స్థానంలో ఇంకా ఎవరినీ తీసుకోకపోతే చాలాచోట్ల ఒప్పుకుంటారు.

వాళ్లు కాదన్నా మీ ప్రయత్నం వృథా కాదు. నష్టపరిహారం లెక్క కట్టేటప్పుడు, ఆ నష్టాన్ని తగ్గించుకోవడానికి మీకున్న దారులను కూడా చూడాలని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 వివరణలో ఉంది. "మేం ఆఫర్ తీసేశాక ఈయన ఇంట్లో కూర్చున్నాడు" అని కంపెనీ అంటే, మీరు చూపించే మొదటి కాగితం ఈ మెయిల్. ఆ తర్వాత పెట్టుకున్న ప్రతి దరఖాస్తునూ ఒక పట్టికలో రాసుకోండి. మీరు ఇంతకుముందు కాదన్న రెండో ఆఫర్ ఉంటే, ఆ కంపెనీకీ ఇవాళే ఫోన్ చేయండి.

నాలుగో మెట్టు: జవాబు

కోపం తగ్గాక, అంటే మర్నాడు పొద్దున, ఒక మెయిల్ పంపండి. హెచ్‌ఆర్ హెడ్‌కి, ఆఫర్ మీద సంతకం పెట్టినవాళ్లకి, రిక్రూటర్‌కి. ఎలాగూ ఇంగ్లీషులోనే పంపుతారు. సారం ఇలా ఉండాలి:

"ఫలానా తేదీన మీరిచ్చిన ఆఫర్‌ను నేను ఫలానా తేదీన అంగీకరించాను. దాని ఆధారంగా పాత ఉద్యోగానికి రాజీనామా చేసి, ఆ ఆమోద పత్రాన్ని మీరు అడిగినట్టే ఫలానా తేదీన మీకు పంపాను. నావైపు షరతులన్నీ పూర్తి చేశాను. మీ మెయిల్‌లో ఉపసంహరణకు ఆధారమైన క్లాజు ఏదో చెప్పలేదు. నన్ను ఆఫర్ ప్రకారం చేర్చుకుంటారా, లేక అదే స్థాయిలో ఇంకో పని ఇస్తారా, లేక నాకు జరిగిన నష్టానికి పరిహారం ఇస్తారా అన్నది ఏడు పని దినాల్లో రాతపూర్వకంగా తెలపండి. చట్టప్రకారం నాకున్న హక్కులేవీ వదులుకోకుండా ఈ లేఖ రాస్తున్నాను."

చివరి వాక్యాన్ని తీసేయకండి. రేపు మీరు రాజీకి మాట్లాడినా, కేసు వేసే దారి మూసుకుపోకుండా ఉంచేది అదే. బెదిరింపులు, ఆశ్చర్యార్థకాలు, అమ్మకు ఆరోగ్యం బాగాలేదన్న సంగతులు వద్దు. హెచ్‌ఆర్ మనసు కరిగినా నిర్ణయం వాళ్ల చేతిలో ఉండదు. ఈ మెయిల్ అసలు చదవాల్సింది వాళ్ల లీగల్ టీమ్.

ఆఫర్‌ను తీసేయలేదు, మార్చారు. అప్పుడు?

నా దృష్టిలో ఇదే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే మనకు ఉద్యోగం ఇంకా ఉందనిపిస్తుంది. జీతం తగ్గించడం, హైదరాబాద్ అని చెప్పి పుణెకి వేయడం, పగటి పని అని రాత్రి షిఫ్ట్ ఇవ్వడం, చేరే తేదీని నెలల తరబడి జరపడం, ఇన్నేళ్లు పనిచేయాల్సిందే అని కొత్తగా బాండ్ పెట్టడం. అన్నీ ఒకే కోవ.

2023 ఫిబ్రవరిలో విప్రో వ్యవహారం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏడాదికి 6.5 లక్షల ఆఫర్ ఉండి, శిక్షణ పూర్తి చేసుకుని ఎదురుచూస్తున్న ఫ్రెషర్లను, 3.5 లక్షలకు చేరతారా అని మెయిల్‌లో అడిగారు. పుణె కేంద్రంగా ఉన్న ఐటీ ఉద్యోగుల సంఘం నైట్స్ దీన్ని బహిరంగంగా తప్పుబట్టింది. అక్కడ కంపెనీ చేసినదాన్ని చట్టం భాషలో చూడండి: పాత ఒప్పందాన్ని వాళ్లే చించేయలేదు, కొత్తదానికి మీరే ఒప్పుకోండి అని అడిగారు.

ఆ అడగడంలోనే అంతా ఉంది. ఒప్పందాన్ని ఇద్దరూ ఒప్పుకుంటేనే మార్చవచ్చు. అలా మార్చాక పాతదాన్ని అమలు చేయక్కర్లేదని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 62 చెబుతోంది. మీరు "రివైజ్డ్ ఆఫర్" మీద సంతకం పెట్టిన క్షణం పాత 6.5 లక్షలు చరిత్ర. సంతకం పెట్టకుండా నోరు మూసుకుని వెళ్లి చేరినా, మీ ప్రవర్తనే అంగీకారం అని వాళ్లంటారు.

కాబట్టి తగ్గిన జీతానికి చేరక తప్పని పరిస్థితి ఉంటే, ఇంట్లో ఈఎంఐలు ఉంటే ఎవరు తప్పుపడతారు, చేరే ముందే ఒక మెయిల్ పంపండి: "ఈ మార్పుకు నేను సమ్మతించడం లేదు, అభ్యంతరం తెలుపుతూనే చేరుతున్నాను, తేడా మొత్తం అడిగే హక్కు నాకుంది." ఇది పూర్తి రక్షణ కాదు. రివైజ్డ్ ఆఫర్ మీద సంతకం పెట్టి ఈ మెయిల్ పంపితే మరీ బలహీనం. కానీ ఏమీ రాయకుండా చేరడం కంటే చాలా నయం. చేరకూడదని నిర్ణయించుకుంటే, "నేను కాదంటున్నాను" అని రాయకండి. "మీరు పాత షరతులు పాటించనన్నారు కాబట్టి ఒప్పందాన్ని ముగిస్తున్నాను" అని రాయండి. అదే చట్టం సెక్షన్ 39 మీకు ఆ అవకాశం ఇస్తుంది. మొదటిదాన్ని అభ్యర్థి డ్రాప్ అయ్యాడని రాసుకుంటారు, రెండోదాన్ని అలా రాసుకోలేరు.

చేరే తేదీ జరిపినప్పుడు "ఎప్పుడు?" అని అడిగి ఊరుకోకుండా గడువు పెట్టండి. ఫలానా తేదీలోగా తేల్చకపోతే ఆఫర్ నిరాకరించినట్టే భావిస్తానని. లేకపోతే కంపెనీ అసలు రద్దే చేయలేదని, మీరే ఆగలేదని అంటుంది.

జీతం విషయంలో ఒక్కటి గమనించండి. పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ ప్రకారం అలవెన్సులు మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలోనే కలిపి లెక్కించాలి. అందువల్ల కంపెనీలు జీతం పట్టికను తిరగరాస్తున్నాయి. సీటీసీ (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) అంతే ఉండి, పీఎఫ్, గ్రాట్యుటీ భాగం పెరిగి చేతికొచ్చేది కాస్త తగ్గితే, దాన్ని మోసం అనుకోకండి. సీటీసీయే తగ్గితే మాత్రం కోడ్ పేరు చెప్పి తప్పించుకోలేరు.

ఐదో మెట్టు: నష్టం లెక్క

ఒక ఉదాహరణ వేసుకుందాం. విజయవాడలో నెలకు 60 వేలకు పనిచేసే అమ్మాయికి హైదరాబాద్‌లో నెలకు 85 వేల ఆఫర్ వచ్చింది. త్వరగా చేరమన్నారని పాత కంపెనీకి నోటీసు బైఅవుట్ కింద, అంటే నోటీసు కాలం పూర్తిచేయకుండా బయటపడేందుకు, 40 వేలు కట్టింది. కూకట్‌పల్లిలో ఇంటికి ఇచ్చి పోగొట్టుకున్న అడ్వాన్సు 24 వేలు. సామాన్ల బండికి 14 వేలు. చేరడానికి వారం ముందు ఆఫర్ పోయింది. రెండు నెలలు తిరిగాక ఇంకో ఉద్యోగం దొరికింది.

ఆమె అడగగలిగేది: ఖాళీగా ఉన్న రెండు నెలలకు 1,70,000, ఖర్చులు 78,000, మొత్తం 2,48,000 రూపాయలు. కంపెనీ ఏమంటుంది? "మా ఆఫర్‌లో ఒక నెల నోటీసు క్లాజు ఉంది. చేరిన మర్నాడే ఒక నెల జీతం ఇచ్చి పంపేయగలిగేవాళ్లం. కాబట్టి 85 వేలకు మించి ఇవ్వం." ఈ వాదనకు బలముంది. నోటీసు ఇచ్చి ముగించగలిగే ఉద్యోగంలో నష్టపరిహారం ఆ నోటీసు కాలపు జీతం దగ్గర ఆగుతుందని సుప్రీంకోర్టు 1957లోనే, ఎస్.ఎస్. షెట్టి కేసులో చెప్పింది. కాబట్టి మీ ఆఫర్‌లో నోటీసు క్లాజు ఎంతో ముందు చూసుకోండి. ప్రొబేషన్‌లో పదిహేను రోజులే అని ఉంటే ఆశలు ఆ మేరకు తగ్గించుకోవాలి.

ఖర్చుల సంగతి వేరుగా పోరాడాలి. ఒప్పందం చేసుకునేటప్పుడే ఇలాంటి నష్టం వస్తుందని ఇద్దరికీ తెలిసి ఉంటే దాన్ని అడగవచ్చని సెక్షన్ 73 చెబుతోంది. వాళ్లకు తెలుసని రుజువేమిటి? ఆఫర్ లెటర్ చివరి పేజీ తీయండి. చేరే రోజు తేవాల్సిన పత్రాల జాబితాలో "పాత సంస్థ రిలీవింగ్ లెటర్" అని ఉంటుంది. మీరు ఉద్యోగం మానేసి రావాలన్నది వాళ్ల షరతే. నేను ఆఫర్లు పంపిన రోజుల్లో ఆ లైను మాకు ఎంత ఇబ్బంది తెచ్చిపెట్టగలదో ఎవరూ ఆలోచించలేదు.

మానసిక వేదనకు పది లక్షలు అని రాయకండి. ఒప్పంద ఉల్లంఘనలో దూరపు, పరోక్ష నష్టాలకు పరిహారం ఉండదు. పెద్ద అంకె చూస్తే అవతలి లాయర్ మీ నిజమైన అంకెను కూడా తేలిగ్గా తీసుకుంటాడు. ప్రతి రూపాయికీ రసీదు ఉన్న 2,48,000 వాళ్లను ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

ఆరో మెట్టు: ఎక్కడికి వెళ్లాలి

మొదట లాయర్ ద్వారా నోటీసు. నిజం చెప్పాలంటే చాలా వ్యవహారాలు తేలేది ఇక్కడే, లేకపోతే తేలవు. లక్షన్నర కోసం సివిల్ దావా వేసి ఏళ్ల తరబడి తిరగడం మీకూ గిట్టదు, మీకు నెల జీతం ఇచ్చి పంపేయకుండా లాయర్ల ఫీజు కట్టడం కంపెనీకీ గిట్టదు. రాజీకి వస్తే ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. అందులో "ఇకపై ఏ క్లెయిమూ లేదు" అని ఉంటుంది. డబ్బు ఎప్పుడు, ఎంత వస్తుందో రాసి ఉంటేనే పెట్టండి.

దావా వేయాలంటే ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్ల గడువు. ఏ ఊళ్లో వేయాలన్నది ఆఫర్‌లో చూడండి. "బెంగళూరు కోర్టులకే అధికారం" లాంటి క్లాజులు ఉద్యోగ ఒప్పందాల్లోనూ చెల్లుతాయని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక బ్యాంకు ఉద్యోగుల కేసులో చెప్పింది. ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే కోర్టుకు బదులు మధ్యవర్తి తేల్చాలన్న షరతు, ఉంటే దారి ఇంకోలా ఉంటుంది.

లాయర్ ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, సాధారణంగా జిల్లా కోర్టు ఆవరణలోనే. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కి ఫోన్ చేయవచ్చు. కేసు వేయకముందే అక్కడ రాజీ కుదిర్చే ఏర్పాటు కూడా ఉంది.

కార్మిక శాఖ గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఆ చట్టాలు ప్రధానంగా పనిలో చేరినవాళ్ల కోసం. తెలుగు రాష్ట్రాల్లోని 1988 నాటి షాపులు, సంస్థల చట్టంలో ఒక నెల నోటీసు రక్షణ కూడా ఆరు నెలలు వరుసగా పనిచేసినవాళ్లకే. చేరాక మోసపోయినవాళ్ల సంగతి వేరు. అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం కొత్త కోడ్ ప్రకారం తప్పనిసరి, తీసేస్తే రావాల్సిన జీతం రెండు పని దినాల్లో ఇవ్వాలి. వీటిమీద నిక్షేపంలా ఫిర్యాదు చేయవచ్చు.

లింక్డిన్‌లో పోస్ట్ పెట్టాలని చేతులు దురద పెడతాయి. జరిగింది జరిగినట్టు, తేదీలతో రాస్తే ఫరవాలేదు. "మోసగాళ్లు", "దొంగ కంపెనీ" లాంటి మాటలతో పరువు నష్టం నోటీసు తెచ్చుకుని, బాధితుడు కాస్తా ముద్దాయి అయిన కథలు తక్కువేం కాదు. నోటీసుకు జవాబు వచ్చేదాకా ఆగడం నా సలహా.

అసలు కంపెనీయే లేదని, డిపాజిట్ కట్టించుకుని మాయమయ్యారని తేలితే ఇదేదీ పనికిరాదు. అది నేరం. వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

క్యాంపస్ పిల్లలకు

పాత ఉద్యోగం మానలేదు కాబట్టి మీ నష్టం చూపించడం కష్టం. కానీ చాలా కాలేజీల్లో ఒక ఆఫర్ వస్తే తర్వాతి కంపెనీలకు కూర్చోనివ్వరు. ఆ నియమం రాసి ఉన్న సర్క్యులర్ సంపాదించండి, మీరు కోల్పోయిన అవకాశానికి అదే రుజువు. మీ ఒక్కరి మెయిల్ కంటే ప్లేస్‌మెంట్ ఆఫీసర్ ఫోన్‌కి విలువెక్కువ, ఎందుకంటే కంపెనీ వచ్చే ఏడాది మళ్లీ ఆ గేటు దాటాలి. 2016లో ఐఐటీల ఉమ్మడి ప్లేస్‌మెంట్ కమిటీ, ఆఫర్లు వెనక్కి తీసుకున్నందుకు 31 కంపెనీలను క్యాంపస్‌లకు రానివ్వకుండా చేసింది. మామూలు ఇంజినీరింగ్ కాలేజీకి అంత పలుకుబడి ఉండదు. అయినా బాధితులంతా కలిసి ఒకే లేఖ ఇస్తే ప్రిన్సిపాల్‌కి తప్పదు.

ప్రభుత్వ ఉద్యోగమైతే లెక్క వేరు. ఎంపిక జాబితాలో పేరున్నంత మాత్రాన నియామకం హక్కు కాదని సుప్రీంకోర్టు 1991లో శంకర్సన్ దాస్ కేసులో చెప్పింది. అదే తీర్పులో, ప్రభుత్వం ఇష్టారాజ్యంగా వ్యవహరించడానికి వీల్లేదనీ చెప్పింది. మీకంటే తక్కువ ర్యాంకు వాళ్లను తీసుకుని మిమ్మల్ని వదిలేస్తే హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఇక్కడ ఉద్యోగమే ఇవ్వమని కోర్టు ఆదేశించగలదు.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు

జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు ఇది పాత గాయం. ఇక్కడ ఒక కాగితం మీద సంతకం, అక్కడ దిగాక ఇంకో కాగితం. డ్రైవర్ అని తీసుకెళ్లి ఒంటెలు కాయించడం, చెప్పిన జీతంలో సగం ఇవ్వడం. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (విదేశానికి పనికి వెళ్లేందుకు ప్రభుత్వ అనుమతి) అవసరమైన పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వ్యవస్థ ద్వారా వెళ్తే, ఒప్పందం కాపీ ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతుంది. విజిట్ వీసా మీద వెళ్తే ఆ రికార్డే ఉండదు, తర్వాత ఎవరినీ పట్టుకోలేం. ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఉందో లేదో అదే వెబ్‌సైట్‌లో చూడవచ్చు. సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. లక్షన్నర అడుగుతున్నాడంటే మిగతాది దేనికని అడగండి, రసీదు ఇవ్వమనండి.

ఒప్పందాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపి వెళ్లండి, అక్కడ కాగితం లాక్కున్నా కాపీ ఉంటుంది. కొత్త కాగితం మీద సంతకం పెట్టమంటే, వీలైనంత వరకు పెట్టకుండా భారత రాయబార కార్యాలయానికి చెప్పండి. ఇంటి దగ్గరివాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లోనూ, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయంలోనూ ఫిర్యాదు చేయవచ్చు. తెలంగాణ వాళ్లకు టామ్‌కామ్, ఆంధ్ర వాళ్లకు ఏపీఎన్ఆర్‌టీఎస్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు కూడా ఉన్నాయి.

అమెరికాలో ఉన్నవాళ్లకు

అక్కడ చాలా రాష్ట్రాల్లో ఉద్యోగం ఏ క్షణమైనా ముగించవచ్చు, ఆఫర్ కూడా అంతే. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. మినెసోటాలో ఒక ఫార్మసిస్టు ఆఫర్ నమ్మి పాత ఉద్యోగం మానేశాక, కొత్త సంస్థ ఉద్యోగం లేదు పొమ్మంది. 1981లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, మాట నమ్మి నష్టపోయాడు కాబట్టి పరిహారం ఇవ్వాల్సిందే అంది. కాలిఫోర్నియా లేబర్ కోడ్ సెక్షన్ 970 ఇంకాస్త గట్టిది: ఉద్యోగం గురించి తెలిసి తెలిసి అబద్ధం చెప్పి ఊరు మార్పిస్తే, నష్టానికి రెట్టింపు అడగవచ్చు.

హెచ్1బీ వర్క్ వీసా మీద ఉండి కంపెనీ మారుతున్నవాళ్లకు పరిహారం కంటే గడియారం ముఖ్యం. పాత ఉద్యోగం ముగిశాక గరిష్ఠంగా 60 రోజులు, లేదా ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు, ఏది ముందైతే అది. అందుకే కొత్త పిటిషన్ దాఖలైన రసీదు చేతికొచ్చేదాకా, వీలైతే ఆమోదం వచ్చేదాకా రాజీనామా ఇవ్వకండి. కొత్త కంపెనీ హెచ్‌ఆర్ ఎంత తొందరపెట్టినా సరే.

ఇక చివరగా ఒక చిన్న పని. ఉపసంహరణ మెయిల్‌ను, మీ జవాబును, రిలీవింగ్ లెటర్‌ను కలిపి ఒకే పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. వచ్చే ఇంటర్వ్యూలో "ఈ రెండు నెలల గ్యాప్ ఏమిటి?" అని తప్పకుండా అడుగుతారు. ఆఫర్ వెనక్కి తీసుకున్నారు అని ఒక్క వాక్యం చెప్పండి, కంపెనీని తిట్టకండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్లు రుజువు అడిగితే ఆ పీడీఎఫ్ పంపండి.